పత్రికాధర్మం – సురవరం ప్రతాపరెడ్డి

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో హైదరాబాదు సంస్థానం జనసంఖ్య రీత్యా భారతదేశంలోని స్వదేశీ సంస్థానాలన్నిటిలోకీ పెద్దది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో సింహాసనాన్ని అధిష్ఠించారు. సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడేవారే అధిక సంఖ్యాకులు. వారిలో తెలుగువారు ఇంచుమించు సగం మంది. అయినా పరిపాలన, న్యాయస్థానం, ఉన్నత విద్య అన్నీ ఉర్దూలోనే నడిచేవి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష కూడా ఉర్దూయే. అక్షరాస్యులు నూటికి పదిమందైనా లేని ఆ కాలంలో, తన పొలానికి సంబంధించిన కాగితంలో ఏమున్నదో రైతు తెలుసుకోవాలంటే పట్వారీనో, మరొక చదువరినో ఆశ్రయించవలసిందే. చదివినవాడు చెప్పినదే ఆ కాగితంలోని విషయం. అతడు ఒక మాట దాచినా, ఒక అంకె మార్చినా రైతుకు తెలిసే దారి లేదు. ప్రజలకు నిజం అందకపోవడమంటే ఏమిటో గ్రహించాలంటే ఆనాటి తెలంగాణ పల్లెను ఊహించుకోవాలి. అక్కడ అబద్ధానికి ప్రచారం కూడా అక్కరలేదు. తెలియకపోవడమే దానికి కావలసినంత బలం.

1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన ఒక సంఘసంస్కార సభ జరిగింది. ఇతర భాషలలో ప్రసంగాలు సాగినంతసేపూ సభ నిశ్శబ్దంగా ఉన్నది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడ లేవగానే సభలో కొందరు చప్పట్లు చరచి, ఈలలు వేసి గొడవ చేశారు. ఆ అవమానంతో నొచ్చుకొన్న తెలుగువారు వెంటనే ఆంధ్రజనసంఘాన్ని స్థాపించుకొన్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు వంటివారు అందులో ముఖ్యులు. ఈ మేల్కొలుపు ఫలితంగానే 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వెలువడ్డాయి. అవి రెండూ ఎక్కువకాలం నిలువలేదు. వాటి తరువాత వచ్చి నిలిచినది గోలకొండ పత్రిక. దానిని నిలబెట్టినవారు సురవరం ప్రతాపరెడ్డి.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డి. స్వగ్రామం నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఇటిక్యాలపాడు. అది నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. తుంగభద్రకు ఆవలనున్న కర్నూలులో ఆయన బాల్యవిద్య సాగింది. ఇంటర్మీడియెట్ హైదరాబాదు నిజాం కళాశాలలోను, బి.ఏ. మద్రాసులోను చదివి, న్యాయశాస్త్రంలో కూడా పట్టం పుచ్చుకొన్నారు. మద్రాసులో ఉన్నప్పుడు వేదం వేంకటరాయశాస్త్రి వంటి మహాపండితుని సాన్నిధ్యం లభించింది. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, ఉర్దూ, పారసీ భాషలలో ఆయనకు ప్రవేశం కలిగింది. కొంతకాలం న్యాయవాదవృత్తిలో ఉన్నారు. సాక్ష్యం లేని మాటను అంగీకరించని స్వభావం ఆయనకు ఆ వృత్తి వల్ల అబ్బిందో, పుట్టుకతో ఉన్నదో చెప్పలేము. ఆయన రచనలన్నిటిలోనూ మాత్రం అది కనిపిస్తుంది.

హైదరాబాదు నగర కొత్వాలు రాజాబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహాన్ని నెలకొల్పారు. ఆయన పిలుపు మీద ప్రతాపరెడ్డి ఆ వసతిగృహపు బాధ్యతలను స్వీకరించారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు చదువుతోపాటు గ్రంథాలయం, వ్యాయామం, వక్తృత్వం అలవరచారు. నిజాం రాజధానిలో పోలీసు వ్యవస్థకు అధిపతిగా ఉన్న వ్యక్తి నెలకొల్పిన ఇంటిలోనే, నిజాం పాలనలోని అన్యాయాలను వెల్లడించబోయే సంపాదకుడు పనిచేయడం చరిత్రలోని చిత్రమైన విషయాలలో ఒకటి.

1926 మే 10న గోలకొండ పత్రిక తొలి సంచిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక అది. మూలధనం స్వల్పం, చందాదారులు కొద్దిమంది. జీతమిచ్చి సహాయకులను నియమించుకొనే స్తోమత పత్రికకు లేదు. అందువలన వార్తలు సేకరించడం, వ్యాసాలు రాయడం, అచ్చుతప్పులు దిద్దడం, ప్రతులను మడిచి చిరునామాలు రాసి తపాలాకు చేర్చడం వరకు ప్రతాపరెడ్డే చేసుకొన్న రోజులున్నాయి. నేడు సంపాదకుడనగానే మనకు తోచే పెద్దగది, పెద్దబల్ల ఆయనకు లేవు.

పత్రికలోని పుటలను నింపడానికి రచయితలు కూడా కావాలి. ఆ తొలినాళ్లలో తెలంగాణలో పత్రికలకు రాసే అలవాటు ఉన్నవారు అరుదు. అందుకని ప్రతాపరెడ్డి పలు మారుపేర్లతో తానే కథలు, కవితలు, వ్యాసాలు రాశారు. చిత్రగుప్త, విశ్వామిత్ర, భావకవి రామమూర్తి మొదలైనవి ఆయన కలం పేర్లే. ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఒక్కరే అనేకుల వేషంలో రాయడం పాఠకుణ్ణి మోసగించడం కాదా? న్యాయమైన సందేహమే. అయితే మారుపేరుతో అబద్ధపు వార్తను చెలామణి చేయడం వేరు, మారుపేరుతో ఒక కథనో, ఒక అభిప్రాయాన్నో చెప్పడం వేరు. ప్రతాపరెడ్డి దాచినది తన పేరునే గాని వాస్తవాన్ని కాదు. పైగా ఆ కాలంలో పేరు దాచుకోవడానికి సాహిత్యేతరమైన కారణాలు కూడా లేకపోలేదు. రాసినవాడు ఎవరో తెలిస్తే విచారణ ఎదుర్కోవలసిన రోజులవి. ఇతరులకు రాయడం వచ్చేదాకా ఆయన రాశారు. క్రమంగా తెలంగాణ నలుమూలల నుంచి రచనలు, వార్తలు రాసాగాయి. పల్లెలోని ఉపాధ్యాయుడు, చిన్న వకీలు, చదువుకొన్న రైతు ఆ పత్రికకు విలేకరులయ్యారు. వెట్టిచాకిరి, గ్రామాధికారుల దౌర్జన్యం, పాఠశాలల కొరత, స్త్రీల అవిద్య మొదలైనవి వారానికి రెండుసార్లు అచ్చులోకి ఎక్కాయి. అంతకుముందు ఒక ఊరిలో జరిగిన అన్యాయం ఆ ఊరి పొలిమేర దాటేది కాదు. దాటినా పుకారుగా దాటేది. పుకారుకు తేదీ ఉండదు, చిరునామా ఉండదు, తప్పని తేలితే సవరించేవాడూ ఉండడు. పత్రికలో వచ్చిన వార్తకు ఇవన్నీ ఉంటాయి. కనుకనే పుకారును సహించిన అధికారులు వార్తను సహించలేకపోయారు.

సంస్థానంలో సభ జరపాలన్నా, గ్రంథాలయం తెరవాలన్నా ప్రభుత్వపు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు సభలకు సంకెల వేసింది. పత్రికల మీద కూడా నిఘా ఉండేది. గోలకొండ పత్రిక సంపాదకీయాలు ప్రభుత్వానికి కంటకమయ్యాయి. సంపాదకీయాన్ని అచ్చుకు ముందే చూపి అనుమతి పొందాలన్న ఆంక్ష వచ్చింది. ఇటువంటి స్థితిలో పత్రికకు మామూలుగా రెండు దారులే కనిపిస్తాయి. అధికారులకు ఇష్టమైనది రాసి బ్రతకడం ఒకటి, ఎదురు తిరిగి మూతపడడం మరొకటి. ప్రతాపరెడ్డి మూడవ దారి వెదికారు. సంపాదకీయపు స్థానంలో ప్రపంచ ప్రసిద్ధులైన మేధావుల సూక్తులను ఏర్చి కూర్చి ప్రచురించసాగారు. స్వాతంత్ర్యం గురించి, న్యాయం గురించి, పాలకుల ధర్మం గురించి మహనీయులు చెప్పిన మాటలను ఏ అధికారి అభ్యంతరపెట్టగలడు? అభ్యంతరపెడితే అవి తమకే తగిలాయని ఒప్పుకొన్నట్లవుతుంది. పత్రిక పద్ధతి ఎరిగిన పాఠకునికి ఆ పుట ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పలేకపోతున్నదో రెండూ అర్థమయ్యేవి. మన ప్రాచీన కవులు శ్లేషతో, అన్యాపదేశంతో రాజసభలలో నెరపిన నేర్పును ఆయన పత్రికలో నెరపారు. మొగలాయి కథలలో ఆనాటి అధికారుల న్యాయనిర్ణయాలను నవ్వు పుట్టించేటట్లు చిత్రించడం కూడా ఈ నేర్పులో భాగమే.

ఆయన జీవితంలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టం 1934 నాటిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు ఒక వ్యాసంలో రాశాడు. పూజ్యమనే మాటకు పూజింపదగినదనీ, సున్న అనీ రెండర్థాలున్నాయి. ఆ వ్యాసకర్త ఉద్దేశించినది రెండవ అర్థాన్నే. ఆ మాటలో దురుద్దేశమున్నదో, లేదో ముఖ్యం కాదు. ఎవరూ లెక్క చూడకుండానే తెలంగాణలో కవిత్వం లేదన్న అభిప్రాయం అప్పటికే చాలామందిలో పాతుకొని ఉన్నది. దానిని అచ్చులో చూచినప్పుడు అది మరింత స్థిరపడింది. తప్పుడు మాటకు ఉన్న బలం ఇదే. విన్నవారిలో కొందరు తాము ముందునుంచీ అనుకొంటున్నదే కనుక నమ్ముతారు, మిగిలినవారు అచ్చయింది కనుక నమ్ముతారు.

పాల్కురికి సోమనాథుడు, బమ్మెర పోతన పుట్టిన నేల గురించి ఇటువంటి మాట రావడం ఆశ్చర్యకరమే. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన పటాన్‌చెరువు ప్రాంతపు అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఇరవయ్యో శతాబ్దం దాకా పండితులను పోషిస్తూనే ఉన్నాయి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు ఊరకనే రాలేదు. ఇవన్నీ తెలిసిన ప్రతాపరెడ్డికి కోపం వచ్చి ఉంటుందనడంలో సందేహం లేదు. ఆ కోపంతో ఒక ఖండన వ్యాసం రాయడం ఆయనకు గంటసేపటి పని. పాత కవుల పేర్లు నాలుగు చెప్పి, రాసినవానిని నాలుగు మాటలు అని ఊరుకోవచ్చు. అప్పుడు ఒక మాటకు మరొక మాట ఎదురై, నమ్మేవారు దానిని, నమ్మనివారు దీనిని పట్టుకొని ఎక్కడివారక్కడే ఉండేవారు.

ఆయన ఆ పని చేయలేదు. తెలంగాణ కవుల రచనలను, వివరాలను పంపవలసిందిగా తన పత్రిక ద్వారా కోరారు. ఊరూరి నుంచి తాళపత్రాలు కావలసినవారు, తమ తాతల పద్యాలు దాచుకొన్నవారు, తామే పద్యాలు రాసి ఎవరికీ చూపనివారు స్పందించారు. వచ్చినవాటిని పరిశీలించి, వరుస కూర్చి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు. సున్న అన్నచోట 354 అనే అంకె నిలిచింది. ఆ కవులందరూ ఒక్క స్థాయివారు కారు. అందులో ఉత్తమ కవిత్వంతోపాటు అభ్యాస కవిత్వం కూడా ఉన్నది. సాహిత్య విమర్శకుడు ఆ సంచికలో లోపాలు చూపగలడు. అయితే అది రసనిర్ణయం కోసం కూర్చిన సంకలనం కాదు. ఉన్నారా, లేరా అన్న ప్రశ్నకు పేరుతో, ఊరితో, పద్యంతో ఇచ్చిన సమాధానం. ఏ పుట తెరిచినా ఎవరైనా వెళ్లి విచారించుకోవచ్చు. ఆ గ్రంథం వచ్చిన తరువాత ఆ మాటను తిరిగి అనే సాహసం ఎవరూ చేయలేకపోయారు.

ఈ పనిలో పాఠకులు చేసిన పాలు తక్కువది కాదు. ఎనిమిదేండ్లుగా వారానికి రెండుసార్లు తమ ఇంటికి వచ్చిన పత్రికమీద వారికి గురి కుదిరింది. కనుకనే తరతరాలుగా పెట్టెలలో దాచుకొన్న రాతలను నమ్మి పంపారు. ఆ గురి లేనివాడు అడిగితే ఎవరూ ఒక్క కాగితమైనా కదిపి ఉండరు.

అంతకు నాలుగేండ్ల ముందే, 1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర ప్రథమ ఆంధ్రమహాసభ జరిగింది. దానికి ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. మాతృభాషలో విద్య, గ్రంథాలయాల స్థాపన, సాంఘిక దురాచారాల నిర్మూలన వంటి విషయాలు ఆ సభల ముందుకు వచ్చాయి. గ్రంథాలయోద్యమానికి ఆయన చేసిన సేవ ప్రత్యేకంగా చెప్పదగినది. ఆ పేరుతోనే ఆయన ఒక పుస్తకం రాశారు. పత్రిక ఎంత మంచిదైనా చదవగలిగినవాడు లేకపోతే దానివల్ల ప్రయోజనం లేదు. గ్రంథాలయంలో ఒకడు చదువుతుంటే పదిమంది వినేవారు. చదివేవాడు తప్పు చదివితే దిద్దడానికి వినేవారిలో మరొకడు తయారయ్యేవాడు. పట్వారీ ఒక్కడి చేతిలో ఉన్న అక్షరం పదిమంది చేతుల్లోకి వెళ్లడం ఆ విధంగానే మొదలయింది. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు నిర్మాతలలో కూడా ఆయన ఒకరు.

గోలకొండ పత్రిక ధోరణి మితవాదమని తరువాతి తరం ఉద్యమకారులు కొందరు విమర్శించారు. 1944 భువనగిరి సభతో ఆంధ్రమహాసభ రెండుగా చీలిన తరువాత ఆ విమర్శ మరింత పెరిగింది. సాయుధ పోరాటం వైపు సాగినవారికి సంయమనంతో రాసే పత్రిక నచ్చకపోవడం సహజం. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాని నిజాం రాజధాని నడిబొడ్డున ఒక తెలుగు పత్రిక రెండు దశాబ్దాలకు పైగా మూతపడకుండా నిలవడంలో ఆ సంయమనం పాలు ఎంతో కూడా ఆలోచించాలి.

1947–48 సంవత్సరాలు హైదరాబాదు పత్రికలకు అగ్నిపరీక్ష. భారతదేశం స్వతంత్రమైనా నిజాం సంస్థానం యూనియన్‌లో చేరలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు విజృంభించారు. దక్కన్ రేడియో ప్రభుత్వపక్షపు మాటనే వినిపించింది. ఏది వార్తో, ఏది ప్రచారమో తెలియక సామాన్యులు అల్లాడిపోయారు. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశాడు. ఆయనకు అప్పటికి ముప్పై ఏండ్లు కూడా నిండలేదు. 1948 ఆగస్టులో రాత్రివేళ ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనను హత్య చేశారు. రాసిన చేతిని కూడా నరికారు. అదే నగరంలో, అదే వృత్తిలో ఉన్న ప్రతాపరెడ్డి వంటి సంపాదకులు ఎటువంటి రోజులు గడిపారో దీనిని బట్టి ఊహించవచ్చు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటుతో ఆ దశ ముగిసింది.

మరుసటి సంవత్సరమే, 1949లో, ఆయన జీవితకాలపు పరిశ్రమకు ఫలమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. అంతవరకు చరిత్ర అంటే రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు. ఏ రాజు ఎప్పుడు పట్టాభిషిక్తుడయ్యాడో తెలిసేది గాని, అతని కాలంలో ప్రజలు ఏమి తిన్నారో, ఏమి కట్టుకొన్నారో, ఏ ఆటలాడారో, పన్నులు ఎట్లా చెల్లించారో తెలిసేది కాదు. ప్రతాపరెడ్డి తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దపు ఆరంభం వరకు తెలుగు ప్రజల జీవనాన్ని చిత్రించారు. దీనికి ఆయన ఆధారాలుగా గ్రహించినవి శాసనాలు, విదేశీయుల రాతలు మాత్రమే కావు. సోమనాథుని పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైన కావ్యాలను ఆయన సాక్షులుగా నిలబెట్టారు. ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. కవి వర్ణనలో అతిశయోక్తి ఉంటుంది. ఏది అలంకారం, ఏది లోకవృత్తం అన్న వివేకం లేకపోతే చరిత్ర కాస్తా కల్పనగా మారిపోతుంది. ప్రబంధంలోని నగరవర్ణనను మాత్రం నమ్మి ఆ నగరాన్ని ఊహించుకొన్నవాడు భ్రమపడతాడు. కాని అదే ప్రబంధంలో రైతు చలికాలం రాత్రి పొలంలో ఎట్లా పడుకొన్నాడో చెప్పిన పద్యాన్ని అంత సులభంగా తోసివేయలేము. కవికి అక్కడ అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు. ప్రతాపరెడ్డి ఒక కావ్యంలోని మాటను మరొక కావ్యంతోను, వ్యవహారంలో మిగిలిన పలుకుబడితోను పోల్చి చూచారు. నిఘంటుకారులు పొరపడిన పదాలకు జనవ్యవహారం నుంచి అర్థం రాబట్టారు. అర్థం తేలని చోట తేలలేదని చెప్పారు. వార్తను రూఢి చేసుకొనే సంపాదకుని అలవాటు చరిత్రకారునికి అక్కరకు వచ్చింది.

హిందువుల పండుగలు, రామాయణ విశేషాలు అనే గ్రంథాలలోనూ ఆయన ఇదే దృష్టితో, భక్తిని కించపరచకుండా, ప్రశ్నను వదలిపెట్టకుండా రచన సాగించారు.

1952లో హైదరాబాదు రాష్ట్రంలో వయోజన ఓటుహక్కు ప్రాతిపదికగా తొలిసారి సాధారణ ఎన్నికలు జరిగాయి. ప్రతాపరెడ్డి కాంగ్రెసు అభ్యర్థిగా వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. సభ పెట్టుకోవడానికే అనుమతి కోసం దరఖాస్తు చేసుకొన్న ప్రజలు తమ ప్రతినిధిని తామే ఎన్నుకొన్నారు. కాగితంలో ఏమున్నదో తెలియక పట్వారీ ముఖం చూచిన రైతు, అక్షరం రాకపోయినా, గుర్తు చూచి ఓటు వేశాడు. శాసనసభ్యునిగా ప్రతాపరెడ్డికి ఎక్కువకాలం మిగలలేదు. మంత్రిపదవి వరించలేదు. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు.

కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తన మొట్టమొదటి పురస్కారాలను ప్రకటించింది. తెలుగులో ఆ గౌరవం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ప్రతిష్ఠించిన తెలుగు వెలుగుల విగ్రహాలలో ప్రతాపరెడ్డి విగ్రహం కూడా ఉన్నది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ చట్టం చేసింది. గోలకొండ కవుల సంచిక నేటికీ తెలంగాణ సాహిత్య పరిశోధకులు మొదట తెరిచే పుస్తకాలలో ఒకటి. అందులోని చాలామంది కవుల గురించి మనకు తెలిసినదంతా, ఆనాడు వారి ఊళ్లనుంచి ఎవరో ఒకరు గోలకొండ పత్రికకు తపాలాలో పంపిన ఆ నాలుగు పంక్తులే.